ప్రాజెక్టుకు అప్పిచ్చిన బ్యాంకుకే ఫిర్యాదు చేయడం ఎలా?

మీ పొలాల మీదుగా రోడ్డో, కాలువో, కరెంటు లైనో పోతోంది. పరిహారం సంగతి అడిగితే వీఆర్వో ఆర్డీవోను కలవమంటాడు. ఆర్డీవో ఆఫీసులో ప్రాజెక్టు వాళ్లని అడగమంటారు. ప్రాజెక్టు ఆఫీసులో పైనుంచి ఆర్డర్లు రావాలంటారు. ఆ పని ప్రపంచ బ్యాంకు, ఏషియన్ డెవలప్‌మెంట్ బ్యాంకు (ఏడీబీ) లాంటి సంస్థ ఇచ్చిన అప్పుతో జరుగుతుంటే మీకు మరో దారి ఉంది. ఈ బ్యాంకుల్లో అప్పులిచ్చే అధికారుల అజమాయిషీ లేకుండా, ఫిర్యాదులు చూడటానికే ఒక స్వతంత్ర విభాగం ఉంటుంది. దానికి రాయడానికి ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, తెలుగులోనే రాయొచ్చు.

ఇది ఎవరో దయతలచి పెట్టింది కాదు. నర్మద మీద సర్దార్ సరోవర్ డ్యాముకు ప్రపంచ బ్యాంకు 1985లో 45 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చింది. ముంపు గ్రామాల ఆందోళన ఆగకపోవడంతో ఐక్యరాజ్యసమితి మాజీ ఉన్నతాధికారి బ్రాడ్‌ఫర్డ్ మోర్స్ నాయకత్వంలో స్వతంత్ర సమీక్ష వేయాల్సి వచ్చింది. పునరావాసం విషయంలో బ్యాంకు తన సొంత నియమాలనే పాటించలేదని 1992లో ఆ సమీక్ష తేల్చింది. 1993 మార్చిలో మిగిలిన అప్పు వద్దని భారత ప్రభుత్వం చెప్పింది. అదే ఏడాది సెప్టెంబరులో బ్యాంకు ఇలాంటి ఫిర్యాదులు విచారించే ఇన్‌స్పెక్షన్ ప్యానెల్‌ను ఏర్పాటు చేసింది. తర్వాత మిగతా బ్యాంకులూ ఆ బాట పట్టాయి. నర్మద లోయ ఆదివాసులు, రైతులు కొట్లాడి తెచ్చిన హక్కు ఇది. మన జిల్లాల్లో దీని గురించి తెలిసినవాళ్లు ఇంత తక్కువగా ఉండటం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

రాయడానికి కూర్చునే ముందు ఒక్క విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఈ విభాగాలు విచారించేది కలెక్టరునూ కాదు, కాంట్రాక్టరునూ కాదు. అప్పిచ్చేటప్పుడు, ఇచ్చాక, బ్యాంకు తన నియమాలను తాను పాటించిందా అన్నదే అక్కడ ప్రశ్న. "ఎమ్మార్వో మమ్మల్ని పట్టించుకోలేదు" అని రాస్తే ఆ అర్జీ బలంగా ఉండదు. "మమ్మల్ని బాధితుల లిస్టులో చేర్చలేదు, చేర్చారో లేదో చూసుకోవాల్సిన బాధ్యత బ్యాంకుది, అది చూడలేదు" అని రాస్తే సూటిగా తగులుతుంది. ఇక్కడి నుంచి చెప్పేదంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది.

మొదటి పని: డబ్బు ఎవరిదో తేల్చండి

పని జరిగే చోట పెట్టిన బోర్డు ఫోటో తీయండి. టెండర్ నోటీసులో "ప్రపంచ బ్యాంకు సహాయంతో", "ఏడీబీ రుణంతో" అన్న మాట ఉందేమో చూడండి. బోర్డు లేకపోతే సమాచార హక్కు చట్టం కింద ప్రాజెక్టు అమలు చేసే ఆఫీసుకు దరఖాస్తు పెట్టండి. అందులో మూడే అడగండి: ఈ పనికి రుణం ఇచ్చిన సంస్థలేవి, ప్రాజెక్టు నంబరు ఎంత, రుణం ముగిసే తేదీ ఏది. పర్యావరణ, సామాజిక ప్రభావ నివేదిక, పునరావాస ప్రణాళికల నకళ్లు కూడా కోరండి. ముప్ఫై రోజుల్లో జవాబు రావాలి.

ప్రపంచ బ్యాంకు ప్రాజెక్టులకు పి అక్షరంతో మొదలయ్యే ఆరంకెల నంబరు ఉంటుంది. అది దొరికితే బ్యాంకు వెబ్‌సైట్‌లో చాలా కాగితాలు బయటపడతాయి. ఇంగ్లిష్ చదవగలిగే డిగ్రీ పిల్లలు ఊళ్లో ఎవరో ఒకరు ఉంటారు, వాళ్లను కూర్చోబెట్టండి. పునరావాస ప్రణాళికలో మీ ఊరి పేరు ఉందా, ఎన్ని కుటుంబాలని రాశారు, గ్రామసభ ఎప్పుడు జరిగిందని రాశారు అన్నవి చూడండి. జరగని గ్రామసభ జరిగినట్టు రాసి ఉంటే, అంతకు మించిన సాక్ష్యం మీకు అక్కర్లేదు.

ప్రైవేటు కంపెనీ అయితే వెతకడం కాస్త కష్టం. కంపెనీ వార్షిక నివేదికలో రుణదాతల పేర్లు ఉండొచ్చు. ప్రపంచ బ్యాంకు గ్రూపులో ప్రైవేటు కంపెనీలకు డబ్బిచ్చేది ఐఎఫ్‌సీ. దాని వెబ్‌సైట్‌లో కంపెనీ పేరుతో వెతకొచ్చు. ఒక్కోసారి డబ్బు నేరుగా రాదు. ఒడిశాలోని ఢెంకనాల్ జిల్లాలో జీఎంఆర్ కమలాంగ థర్మల్ కేంద్రం సంగతి చూడండి. ఐఎఫ్‌సీ పెట్టుబడి పెట్టింది ఇండియా ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఫండ్ అనే నిధిలో, ఆ నిధి కమలాంగలో పెట్టింది. అయినా 2011లో అక్కడివాళ్ల తరఫున వెళ్లిన ఫిర్యాదును ఐఎఫ్‌సీ ఫిర్యాదుల విభాగం స్వీకరించింది. కాబట్టి మధ్యలో ఇంకో ఫండో బ్యాంకో ఉందని వదిలేయకండి.

రెండో పని: ఎవరికి రాయాలో, ఎప్పటిలోగా రాయాలో చూసుకోండి

ప్రభుత్వం తీసుకున్న ప్రపంచ బ్యాంకు అప్పయితే ఇన్‌స్పెక్షన్ ప్యానెల్‌కు రాయాలి. కనీసం ఇద్దరు బాధితులు కలిసి రాయాలి. ఐఎఫ్‌సీ డబ్బయితే సీఏఓ అనే విభాగానికి రాయాలి, ఇది 1999 నుంచి ఉంది. ఏడీబీకి అకౌంటబిలిటీ మెకానిజం ఉంది, అక్కడా కనీసం ఇద్దరుండాలి. ఏషియన్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకుకు (ఏఐఐబీ) 2019 నుంచి సొంత విభాగం ఉంది. అయితే అది వేరే బ్యాంకుతో కలిసి అప్పిచ్చి, ఆ బ్యాంకు నియమాలనే వాడుకుంటే, సాధారణంగా ఆ బ్యాంకు విభాగానికే వెళ్లాల్సి ఉంటుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డుకు, హుస్సేన్‌సాగర్ శుద్ధికి అప్పిచ్చిన జపాన్ సంస్థ జైకాకు కూడా ఇలాంటి అభ్యంతరాలు విచారించే ఏర్పాటు ఉంది.

గడువు దగ్గరే చాలా ఊళ్లు నష్టపోతాయి. ప్రపంచ బ్యాంకు అప్పు ముగిసిన 15 నెలల లోపు, ఏడీబీ అప్పు ముగిసిన 2 ఏళ్ల లోపు ఫిర్యాదు చేరాలి. ఐఎఫ్‌సీ విషయంలో అది పెట్టుబడి వెనక్కి తీసుకోకముందే రాయడం మంచిది. తీసుకున్నాక 15 నెలల వరకు ప్రత్యేక పరిస్థితుల్లో మాత్రమే తీసుకుంటారు. నా సలహా ఏమిటంటే గడువు లెక్కలు వేసుకుంటూ కూర్చోవద్దు. డబ్బు ఇంకా విడుదలవుతున్నప్పుడే బ్యాంకు మాటకు ప్రభుత్వం దగ్గర, కంపెనీ దగ్గర విలువ ఉంటుంది. చివరి వాయిదా చేతికొచ్చాక ఆ విలువ తగ్గిపోతుంది. ఇల్లు పోయేదాకా ఆగాల్సిన పని కూడా లేదు, నష్టం జరగబోతోందని చూపించినా చాలు.

అమరావతి విషయంలో అదే జరిగింది. అప్పు ఇంకా మంజూరు కాకముందే, 2017 మేలో, భూసమీకరణ వల్ల తమ బతుకుదెరువు దెబ్బతింటోందని అక్కడి భూయజమానులు కొందరు ఇన్‌స్పెక్షన్ ప్యానెల్‌కు ఫిర్యాదు చేశారు. ప్యానెల్ బృందం వచ్చి చూసి విచారణ జరపాలని సిఫార్సు చేసింది. 2019 జులైలో కేంద్రం అప్పు కోరిక వెనక్కి తీసుకోవడంతో ఆ ప్రాజెక్టు ప్రపంచ బ్యాంకు జాబితా నుంచి పోయింది. ఆ పరిణామం కొందరికి ఊరట, మరికొందరికి ఆశాభంగం. ఆ రాజకీయ తర్కంలోకి ఇక్కడ వెళ్లను. 2024 డిసెంబరులో ప్రపంచ బ్యాంకు 80 కోట్ల డాలర్లు, ఏడీబీ 78.88 కోట్ల డాలర్లు అమరావతికి మళ్లీ మంజూరు చేశాయి. అంటే ఆ ప్రాంతంలో ఇబ్బంది ఉన్న రైతుకైనా, కౌలుదారుకైనా, కూలీకైనా రెండు బ్యాంకుల విభాగాలూ ఉన్నట్టే.

మూడో పని: ముందు కింద అడిగినట్టు రుజువు పెట్టుకోండి

ప్రపంచ బ్యాంకు ప్యానెల్, ఏడీబీ రెండూ ఒక మాట అడుగుతాయి: "ముందు బ్యాంకు అధికారుల దృష్టికి తెచ్చారా?" కాబట్టి ప్రాజెక్టు ఆఫీసుకు ఒక అర్జీ, ఢిల్లీలోని బ్యాంకు కార్యాలయానికి ఒక ఉత్తరం పంపండి. ప్రాజెక్టును చూసే అధికారి పేరు బ్యాంకు కాగితాల్లోనే ఉంటుంది. స్పీడ్ పోస్టు రశీదు, ఈమెయిల్ నకలు, కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇచ్చిన టోకెన్ నంబరు అన్నీ ఒక ఫైల్లో పెట్టండి. నోటితో చెప్పింది ఎక్కడా లెక్కలోకి రాదు. జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు మీ సమస్య తీర్చకపోయినా, ఆ సంగతే మీ ఫిర్యాదులో ఒక పేరా అవుతుంది. సీఏఓ దగ్గర ఇలా ముందే అడిగి ఉండాలన్న షరతు లేదు.

ఒక జాగ్రత్త. ప్రపంచ బ్యాంకులో గ్రీవెన్స్ రిడ్రెస్ సర్వీస్ అని ఇంకొకటి ఉంది. అది బ్యాంకు యాజమాన్యం కిందే పనిచేస్తుంది, ప్యానెల్ లాగా స్వతంత్రం కాదు. చిన్న సమస్యలకు పనికొస్తుంది. కానీ దానికి రాసి ప్యానెల్‌కు రాసినట్టే అనుకోవద్దు.

నాలుగో పని: సాక్ష్యం కూడగట్టండి

పట్టాదారు పాసుపుస్తకం, అడంగల్ లేదా పహాణీ, డీ-పట్టా ఉన్నవాళ్లు ఆ నకళ్లు తీయించండి. అంతకంటే ముఖ్యం, కాగితం లేనివాళ్లను పక్కన పెట్టకండి. కౌలు రైతు, పోరంబోకులో ఇల్లు కట్టుకున్న కుటుంబం, పొలం పనితో బతికే కూలీ మన రెవెన్యూ రికార్డులో కనపడరు. బ్యాంకు నియమాల్లో మాత్రం కనపడతారు. 2018 అక్టోబరు నుంచి ప్రపంచ బ్యాంకు అమలు చేస్తున్న పర్యావరణ, సామాజిక ప్రమాణాలు పది. వాటిలో ఐదోది భూసేకరణ, బలవంతపు తరలింపు గురించి. భూమి మీద చట్టబద్ధ హక్కు లేనివాళ్ల ఇల్లు, జీవనాధారం పోయినా సాయం అందాలని అది చెబుతుంది. ఐఎఫ్‌సీ ప్రమాణాల్లోనూ ఐదోది ఇదే విషయం, ఏడోది ఆదివాసుల గురించి. ఏజెన్సీ గ్రామాల వాళ్లు ఏడోదాన్ని తప్పకుండా చదివించుకోవాలి.

పాత ప్రాజెక్టులకు పాత నియమాలే వర్తిస్తాయి. అప్పు మంజూరైన తేదీ చూసుకోండి. అమరావతికి ఇచ్చినట్టు ఫలితాలను బట్టి డబ్బు విడుదల చేసే అప్పయితే నియమాల పత్రం వేరే ఉంటుంది. నియమం నంబరు తప్పు పడుతుందేమోనని టెన్షన్ పడొద్దు. నష్టం స్పష్టంగా రాస్తే ఏ నియమం కిందికి వస్తుందో ఆ విభాగమే చూసుకుంటుంది.

గుజరాత్‌లోని ముంద్రా కేసు ఇక్కడ చెప్పి తీరాలి. అక్కడి 4,000 మెగావాట్ల టాటా థర్మల్ కేంద్రానికి ఐఎఫ్‌సీ 2008లో 45 కోట్ల డాలర్లు అప్పిచ్చింది. ఏటా కొన్ని నెలలు తీరానికి వచ్చి, గుడిసెలు వేసుకుని, చేపలు పట్టి ఎండబెట్టుకునే మత్స్యకార కుటుంబాలు ఆ లెక్కల్లో సరిగా లేవు. ఏడాది పొడుగునా అక్కడ ఉండరు కదా అన్నట్టు చూశారు. 2011లో మచ్చిమార్ అధికార్ సంఘర్ష్ సంఘటన్ అనే మత్స్యకారుల సంఘం సీఏఓకు ఫిర్యాదు చేసింది. ఆ కుటుంబాల విషయంలో ఐఎఫ్‌సీ తన నియమాల ప్రకారం నడుచుకోలేదని 2013లో సీఏఓ తేల్చింది. మన తీరం వెంబడి వలస వేటకు వెళ్లే కుటుంబాలు, సీజన్‌లో వచ్చే గొర్రెల కాపరులు, చెరువులో చేపల వాటా ఉన్నవాళ్లు ఇలాగే లెక్క తప్పిపోతారు. వాళ్లు ఏ నెల నుంచి ఏ నెల వరకు వస్తారు, ఎన్నేళ్లుగా వస్తున్నారు, రోజుకు ఎంత సంపాదిస్తారు అన్నది వాళ్ల నోటితోనే రాసుకుని వేలిముద్రో సంతకమో తీసుకోండి.

దీనితో పాటు ఒక నోటు పుస్తకంలో తేదీలు వేస్తూ ఉండండి. బోరు ఎండిన రోజు, పేలుళ్లకు గోడ పగిలిన రోజు, అధికారులు వచ్చి ఏం చెప్పారు, అక్కడ ఎవరెవరున్నారు. ఆడవాళ్లను విడిగా అడగండి. నీళ్ల దూరం పెరగడం, పాల అమ్మకం పడిపోవడం, కూలి పోవడం వాళ్లకే ముందు తెలుస్తుంది. పరిహారం డబ్బు మగవాళ్ల ఖాతాల్లో పడుతుంది కాబట్టి వాళ్ల నష్టం ఎక్కడా రాయరు.

ఐదో పని: ఉత్తరం రాయండి

మూడు నాలుగు పేజీలు చాలు. తిట్లు, రాజకీయ ఆరోపణలు వద్దు. లంచాల సంగతి ఇందులో కలపకండి, ప్రపంచ బ్యాంకులో దానికి వేరే విభాగం ఉంది. నమూనా ఇలా ఉండొచ్చు:

"మేము ఫలానా జిల్లా, ఫలానా మండలం, ఫలానా గ్రామంలో ఉంటున్నాం. మీ బ్యాంకు రుణంతో జరుగుతున్న ఫలానా ప్రాజెక్టు (నంబరు ...) కింద తవ్వుతున్న కాలువ వల్ల మా ఊళ్లో ఇన్ని కుటుంబాలకు సాగుభూమి పోయింది. ఇందులో ఇన్ని కుటుంబాలు కౌలు రైతులవి. పునరావాస ప్రణాళికలో కౌలుదారుల పేర్లు లేవు. ప్రణాళిక తయారీకి ముందు మా ఊళ్లో సభ జరగలేదు, జరిగినట్టు ఆ పత్రం 14వ పేజీలో ఉంది. ఈ విషయం ప్రాజెక్టు ఆఫీసుకు ఫలానా తేదీన, మీ ఢిల్లీ కార్యాలయానికి ఫలానా తేదీన రాశాం. ఇంతవరకు జవాబు లేదు. ప్రణాళికను ఆమోదించే ముందు బ్యాంకు దీన్ని సరిచూసుకోలేదని మా ఫిర్యాదు. కౌలుదారులను మళ్లీ సర్వే చేయించాలని, అప్పటివరకు మా ఊరి హద్దుల్లో తవ్వకం ఆపేలా చూడాలని కోరుతున్నాం. మా పేర్లు బయటపెట్టవద్దు."

చివరి వాక్యం అవసరమైతేనే ఉంచండి, కానీ ఆ ఆలోచన మాత్రం సంతకాలకు ముందే చేయండి. అర్జీ పెట్టినందుకు పింఛను ఆపుతామనో, కేసు పెడతామనో బెదిరింపులు వస్తాయని మీకు నేను చెప్పక్కర్లేదు. పేర్లు గోప్యంగా ఉంచమని కోరే హక్కు మీకుంది, విభాగం వాటిని ప్రభుత్వానికీ కంపెనీకీ ఇవ్వదు. ఊరు పేరు పెట్టుకోని ఆకాశరామన్న ఉత్తరాలు మాత్రం పనికిరావు. ఎవరు బెదిరించారో, ఎలాంటి భయం ఉందో ఉత్తరంలోనే ఒక పేరా రాయండి. బృందం మిమ్మల్ని ఎక్కడ కలవాలి, ఎవరి ఎదుట కలవకూడదు అన్నదీ చెప్పండి. దుబాసీగా ప్రాజెక్టు ఆఫీసు మనిషి వద్దని ముందే రాయండి. వాట్సాప్ గ్రూపులో సంతకాల పేజీ ఫోటో పెట్టే అలవాటు ఈ ఒక్క విషయంలో మానుకోండి.

మీ తరఫున సంఘమో స్వచ్ఛంద సంస్థో రాయొచ్చు. అప్పుడు మీరు వాళ్లకు అధికారం ఇచ్చినట్టు సంతకాల కాగితం జతచేయాలి. ఢిల్లీలోని సెంటర్ ఫర్ ఫైనాన్షియల్ అకౌంటబిలిటీ, అంతర్జాతీయంగా అకౌంటబిలిటీ కౌన్సెల్ లాంటి సంస్థలు ఈ పనిలో ఊళ్లకు తోడుంటాయి. సాయం తీసుకోండి, కానీ ఏం కోరాలన్నది ఊరే నిర్ణయించుకోవాలి.

ఆరో పని: చర్చలా, విచారణా?

విభాగాలు రెండు రకాల సాయం చేస్తాయి. ఒకటి, మధ్యవర్తిని పెట్టి మీకూ కంపెనీకీ లేదా ప్రభుత్వానికీ మధ్య ఒప్పందం కుదిర్చడం. రెండోది, బ్యాంకు నియమాలు తప్పిందా అని విచారించి నివేదిక ఇవ్వడం. ఏడీబీలో ఏది కావాలో మీరే ఎంచుకోవాలి. సీఏఓలో ముందు బృందం వచ్చి మాట్లాడుతుంది. చర్చలకు రెండు పక్షాలూ ఒప్పుకుంటే చర్చలు, లేకపోతే విచారణ వైపు వెళుతుంది. ప్రపంచ బ్యాంకులో 2020 నుంచి ఒక మార్పు వచ్చింది. ప్యానెల్ విచారణకు బ్యాంకు డైరెక్టర్ల బోర్డు ఒప్పుకున్నాక, చర్చల అవకాశం ముందు పెడతారు. వాటికి ఒక ఏడాది, ఇరుపక్షాలూ ఒప్పుకుంటే ఇంకో ఆరు నెలలు గడువు.

బోరుకు బదులు బోరు, దారికి బదులు దారి, లిస్టులో పేరు లాంటి తేల్చగలిగే కోరికలుంటే చర్చలే మేలని నా అభిప్రాయం. ప్రాజెక్టు ఆ చోట ఉండనే కూడదన్నది మీ మాటైతే చర్చల బల్ల దగ్గర అది అరిగిపోతుంది, విచారణ అడగండి. చర్చలకు వెళ్తే ఊరి తరఫున కూర్చునేవాళ్లలో కౌలుదారులు, ఆడవాళ్లు ఉండేలా చూడండి. పెద్ద రైతులతోనే ఒప్పందం చేసుకుని పని ముగించారన్న మాట రాకూడదు.

ఇది ఏం చేయగలదు, ఏం చేయలేదు

ముంబయి పట్టణ రవాణా ప్రాజెక్టులో రోడ్ల కోసం కుర్లా ప్రాంతంలోని దుకాణదారులను తరలించారు. ఎంత పెద్ద దుకాణానికైనా బదులుగా ఇచ్చింది 225 చదరపు అడుగులే. వాళ్లు, మరికొన్ని సంఘాలు 2004లో ప్యానెల్‌కు వెళ్లాయి. ప్యానెల్ తప్పులు ఎత్తిచూపాక 2006 మార్చిలో ప్రపంచ బ్యాంకు రోడ్లు, పునరావాస భాగాలకు డబ్బు ఆపేసింది. రాష్ట్ర ప్రభుత్వం కొన్ని షరతులు పూర్తిచేశాక జూన్‌లో మళ్లీ విడుదల చేసింది. దాదాపు నాలుగు నెలలు డబ్బు ఆగితే ఏళ్లుగా కదలని ఫైళ్లు కదిలాయి.

ముంద్రాలో అలా జరగలేదు. సీఏఓ తప్పు పట్టినా అది మత్స్యకారుల బతుకుల్లో తగినంత మార్పుగా మారలేదు. వాళ్లు అమెరికా కోర్టుకెక్కారు. ఐఎఫ్‌సీ లాంటి సంస్థలకు కేసుల నుంచి సంపూర్ణ రక్షణ లేదని 2019 ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు ఏడుగురు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా తీర్పిచ్చింది. గుజరాత్ తీరపు మత్స్యకారులు ప్రపంచానికే ఒక న్యాయసూత్రం సాధించారు. ఆ తర్వాత కింది కోర్టుల్లో కేసు నిలవలేదు, నష్టపరిహారం రాలేదు.

కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతున్నాను. ఈ విభాగానికి స్టే ఇచ్చే అధికారం లేదు, పరిహారం ఇంత ఇమ్మని ఆదేశించే అధికారమూ లేదు. దీన్ని నమ్ముకుని కోర్టు గడువులు పోగొట్టుకోకండి. పర్యావరణ అనుమతి మీద నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్‌లో అప్పీలుకు 30 రోజులే గడువు, కారణం చూపితే ఇంకో 60 రోజుల వరకు ఇవ్వొచ్చు. రెండూ పక్కపక్కనే నడపండి. బ్యాంకు కాగితాల్లో దొరికిన అబద్ధం కోర్టులో సాక్ష్యంగా పనికొస్తుంది.

పంపాక

ప్యానెల్ అయితే 15 పనిదినాల్లో ఫిర్యాదు నమోదు చేస్తుందో లేదో చెబుతుంది. నమోదయ్యాక బ్యాంకు యాజమాన్యానికి జవాబివ్వడానికి 21 పనిదినాలు. ఆ జవాబు మీకు బాగాలేదనిపిస్తే వెంటనే పాయింట్ల వారీగా రాసి పంపండి, చాలామంది ఇక్కడ ఊరుకుంటారు. బృందం ఊరికొచ్చిన రోజు పెద్ద సభ పెట్టి దండలు వేయాల్సిన పనిలేదు. ఎండిన బోరు, పగిలిన గోడ, మూసుకుపోయిన దారి చూపించండి, నష్టపోయినవాళ్లనే మాట్లాడనివ్వండి.

విచారణ ముగిశాక యాజమాన్యం కార్యాచరణ ప్రణాళిక ఇస్తుంది. అసలు కాపలా పని అప్పుడే మొదలవుతుంది. ఆ ప్రణాళికను తెలుగులో ఇమ్మని అడగండి. ఒక్కో హామీ పక్కన గడువు తేదీ, బాధ్యత ఎవరిదన్నది రాసి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించండి. తేదీ దాటిన ప్రతి హామీకి ఫోటోతో సహా ఒక ఉత్తరం విభాగానికి, ఒక నకలు ఢిల్లీ కార్యాలయానికి, ఇంకొకటి ప్రాజెక్టు డైరెక్టరుకు వెళ్లాలి. ఆ ఫైలు ఒకరి ఇంట్లోనే ఉంచకండి, రెండు జిరాక్స్ సెట్లు వేరే వేరే ఇళ్లలో పెట్టండి.